నెరిసిన చెక్క: చిన్న బొమ్మల కింద ఒక పాత రేవు

(చిన్న బొమ్మలు చేసే మిత్రుల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఎండావానల్లో ఏళ్ల తరబడి ఉన్న పాత చెక్క ఏ రంగులో ఉంటుంది? చెప్పండి. గోధుమరంగు. ఇంకా? కాఫీ రంగు. వెనక ఎవరో నలుపు అన్నారు. సరే, ఇంకెవరైనా?

మీరు తెచ్చిన బొమ్మలన్నీ ఇందాక టేబుల్ దగ్గర నిలబడి చూశాను. మొహమాటానికి చెప్పడం లేదు, కొన్ని ముఖాలు చూస్తే నాకే కుళ్లు పుట్టింది. కానీ కింద చెక్క ఉన్న ప్రతిచోటా అదే గోధుమరంగు. రంగు డబ్బా మీద ఉడ్ బ్రౌన్ అని రాసి ఉంటుంది, మనం నమ్మేస్తాం. కాకినాడ దగ్గర కోరింగ వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? మడ అడవి మధ్యలో చెక్క బాట మీద నడిచే ఉంటారు. ఎండ తగిలే చోట ఆ చెక్క ఏ రంగులో ఉంది? బూడిద రంగు. వెండి కలిసిన బూడిద రంగు. పాత పల్లెటూరి ఎడ్లబండి చూడండి, పొలం గట్టు మీద వదిలేసిన కర్ర గేటు చూడండి. మనిషి జుట్టు నెరిసినట్టే చెక్క కూడా నెరుస్తుంది.

ఎందుకు నెరుస్తుంది? ఇది తెలిస్తే మిగతా పనంతా దానంతట అదే తెలిసిపోతుంది. కాబట్టి కాస్త ఓపిక పట్టండి, బ్రష్షులు తర్వాత తీద్దాం. చెక్కలో సెల్యులోజ్ అనే తెల్లటి నార ఉంటుంది. ఆ నారను పట్టి ఉంచేది లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలను లిగ్నిన్ బాగా పీల్చుకుంటుంది, పీల్చుకుని విరిగిపోతుంది. విరిగిన లిగ్నిన్ మొదట్లో చెక్కను పసుపుగా, గోధుమగా చూపిస్తుంది. తర్వాత వాన పడుతుంది. వాన ఆ విరిగిన పదార్థాన్ని కడిగేస్తుంది. పైన మిగిలేది తెల్లటి నార. దాని మీద కంటికి కనిపించనంత చిన్న నల్ల బూజు చుక్కలు చేరతాయి. తెలుపు మీద నలుపు చుక్కలు, దూరం నుంచి చూస్తే బూడిద రంగు. అంతే సంగతి.

ఇప్పుడు ఆలోచించండి. ఎండా కావాలి, వానా కావాలి. రెండూ ఉంటేనే బూడిద రంగు. మరి ఎండ తగిలి వాన తగలని చోట? వసారా చూరు కింద తలుపు ఉంటుంది, దాని పై భాగం? అక్కడ గోధుమరంగే ఉంటుంది, ముదిరిన గోధుమరంగు. పలక పై ముఖం బూడిద రంగు అయితే అడుగు ముఖం? గోధుమ. కొత్తగా పెచ్చు ఊడిన చోట? లోపలి పచ్చి చెక్క, లేత పసుపు. అంటే ఒకే పలక మీద మూడు రంగులు. వాటిని ఎక్కడ వేయాలన్నది మీ ఇష్టం కాదు. ఎండ, వాన ఎటు నుంచి వచ్చాయో దాన్ని బట్టి ఉంటుంది.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. బ్రష్ పెట్టే ప్రతిసారీ అడగండి: ఇక్కడ ఏమైంది? మరక వేస్తున్నారా? ఇక్కడ ఏమైంది? పగులు పెడుతున్నారా? ఇక్కడ ఏమైంది? జవాబు లేకపోతే ఆ మరక వేయకండి.

సరే, మనం కట్టబోయేది ఇదిగో. దీన్ని అలా చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. జాగ్రత్త, గుంజల దగ్గర పట్టుకోవద్దు, కింద దిమ్మ పట్టుకోండి. గోదావరి మొగ దగ్గర ఉప్పుటేరు ఒడ్డున సరుగుడు గుంజలు పాతి, పైన పలకలు పరిచిన చిన్న రేవు. పడవ దిగి చేపల గంప కింద పెట్టి నిలబడ్డ ఒక ఆవిడ. అంతే. పడవ లేదు, ఏరు అంతా లేదు. ఎనిమిది సెంటీమీటర్లు బై ఆరు. 1:35 కొలతలో, అంటే నిజం వస్తువులో ముప్పై అయిదో వంతు కొలతలో, అది 2.8 మీటర్లు బై 2.1 మీటర్లు. ఒక మనిషి, ఒక గంప, పట్టడానికి అంతకంటే ఎందుకు?

మీలో చాలామంది 1:35 సైనికుల బొమ్మలే చేస్తారని తెలుసు. ఆ 1:35 కూడా ఎవరో లెక్కలు కట్టి పెట్టింది కాదు. 1960ల మొదట్లో తామియా అనే జపాన్ బొమ్మల కంపెనీ వాళ్లు పాంథర్ ట్యాంకు కిట్ చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలని ఒక సైజు పెట్టుకున్నారు, తర్వాత కొలిస్తే సుమారు ముప్పై అయిదో వంతు వచ్చింది. లోకమంతా అదే పట్టుకుంది. ఈ రేవు మీద మీ సైనికుణ్ణి నిలబెట్టినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే అతను ఏ ఊరి రేవులో నిలబడ్డాడో ఆ ఊరి చెక్క చూసి చేయండి. నార్వే రేవుకు సరుగుడు గుంజలు పెడితే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు కొలతలు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఐస్‌క్రీం పుల్ల అందరికీ ఇష్టం. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. దాని వెడల్పు దాదాపు పది మిల్లీమీటర్లు, మందం రెండు. ముప్పై అయిదుతో గుణించండి. 35 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల మందం. పల్లెటూరి రేవులో అంత పలక ఎవరు వేస్తారండీ? అంత మాను దొరికితే అమ్ముకుంటారు గానీ నీళ్ల మీద పరుస్తారా? అదే కాఫీ కలిపే చెక్క పుల్ల తీసుకోండి. అయిదున్నర మిల్లీమీటర్లు, మందం ఒకటీ పాయింట్ మూడు. గుణిస్తే 19 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మందం. సరిగ్గా పలక. ఐస్‌క్రీం పుల్లే ఉంటే నిలువుగా రెండుగా చీల్చి, గరుకు కాగితం మీద రుద్ది పలచన చేయండి. అగ్గిపుల్ల రెండు మిల్లీమీటర్లు, అంటే ఏడు సెంటీమీటర్ల చువ్వ, కంచె కర్రకు పనికొస్తుంది. కబాబ్ గుచ్చే వెదురు పుల్ల మూడు మిల్లీమీటర్లు, అంటే పది సెంటీమీటర్ల గుంజ. కాకపోతే వెదురు పుల్ల మరీ నున్నగా, మరీ తిన్నగా ఉంటుంది. సరుగుడు గుంజ ఎప్పుడైనా తిన్నగా ఉందా? పెరట్లో గోరింట చెట్టు ఉంటే సన్నటి ఎండుపుల్ల విరుచుకోండి. దాని వంకర దానికే ఉంటుంది.

ఇంకొక సంగతి. చెక్కతో చెక్క చేస్తున్నాం కదా, చారలు ఎలాగూ ఉంటాయి అనుకుంటాం. చారలు ఉంటాయి, కానీ అవి ఒకటికి ఒకటి కొలతలో ఉంటాయి! ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో చారకూ చారకూ రెండు మిల్లీమీటర్లు ఉందనుకోండి, మీ బొమ్మ పక్కన అది ఏడు సెంటీమీటర్లు అయిపోతుంది. ఏ చెట్టు అంత వేగంగా పెరిగింది? అందుకే చారలు కనిపించనంత సన్నగా ఉండే చెక్క తీసుకోవాలి. కాఫీ పుల్ల మంచిది. కొండపల్లి వైపు వెళ్లేవాళ్లు తెల్ల పొణికి ముక్క ఏదైనా దొరుకుతుందేమో అడగండి. కొండపల్లి బొమ్మలన్నీ ఆ చెక్కతోనే కదా చేస్తారు, మెత్తగా, తేలికగా, బ్లేడుకు వెన్నలా తెగుతుంది.

ఇప్పుడు చెక్క అరుగుదల. అమెరికాలో దీన్ని ఏళ్ల తరబడి కొలిచారు. పైన్ లాంటి మెత్తటి చెక్క ఆరుబయట ఉంటే వందేళ్లకు సుమారు ఆరు మిల్లీమీటర్లు అరుగుతుంది, గట్టి చెక్క అయితే అందులో సగం. మన రేవు వయసు ముప్పై ఏళ్లు అనుకుందాం. మెత్తటి చెక్క లెక్క వేసుకున్నా రెండు మిల్లీమీటర్ల లోపు. ముప్పై అయిదుతో భాగించండి. 0.05 మిల్లీమీటరు. కాగితం మందం 0.1. అంటే కాగితంలో సగం! మరి మనం ఏం చేస్తాం? ఇత్తడి బ్రష్ తీసుకుని బలం కొద్దీ గీకేస్తాం. అర మిల్లీమీటరు లోతు గాడి పడుతుంది. ఆ ఆవిడ కాలి దగ్గర అది పదిహేడున్నర మిల్లీమీటర్ల గాడి. అందులో ఆవిడ బొటనవేలు ఇరుక్కుంటుంది.

అలాగని అసలు గీకవద్దని కాదు. బొత్తిగా లేకపోతే వాష్, అంటే నీళ్లలా పలచన చేసిన రంగు, నిలవడానికి చోటు ఉండదు. పాత బూట్ల బ్రష్ లాంటి మెత్తటి ఇత్తడి బ్రష్‌తో, చెక్క పొడవునా, ఒకే వైపుకు రెండు మూడు సార్లు లాగండి. ముందుకూ వెనక్కీ రుద్దవద్దు. అడ్డంగా అసలే వద్దు, ఒక్క అడ్డగీత పడిందంటే ఎంత రంగు వేసినా అది కనిపిస్తూనే ఉంటుంది.

పగుళ్లు ఎక్కడ పెడతారు? పలక మధ్యలోనా? పలక చివరల్లో. ఎందుకు? చెక్కలోని సన్నటి గొట్టాలన్నీ చివర్లో తెరుచుకుని ఉంటాయి. నీళ్లు అక్కడి నుంచే పోతాయి, అక్కడి నుంచే వస్తాయి. మిగతా పలక కంటే చివర త్వరగా ఎండుతుంది, త్వరగా ఎండింది కుంచించుకుంటుంది, కుంచించుకుంటే బీట పడుతుంది. బ్లేడు కొనతో చివర నుంచి లోపలికి ఒక్క గీత. అన్ని పలకలకూ కాదు. నాలుగింటిలో ఒకదానికి చాలు. ఒక పలక చివర విరిగిపోయి ఉండాలి అనుకుంటే బ్లేడుతో కోయకండి, చేత్తోనే విరవండి. విరిగినట్టు కనిపించాలంటే విరవడమే మంచి దారి.

ఇక రంగు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువ మాట్లాడితే ఆపండి.

చెక్కకు రంగు వేయకుండానే బూడిద రంగు తెప్పించవచ్చు. ఇనుము, వెనిగర్, టీ. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఎలా వస్తుందో తెలుసా? బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలలో ముంచుతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణాన్ని కలంతో గీస్తారు. గీసేటప్పుడు అది లేత రంగులోనే ఉంటుంది. బట్టలోని టానిన్ తగలగానే నల్లబడుతుంది. మనం చేసేది కూడా అచ్చంగా అదే రసాయనం. పులియబెట్టే బదులు వెనిగర్ వాడుకుంటాం, కరక్కాయ బదులు టీ డికాక్షన్. కరక్కాయ ఉంటే ఇంకా మంచిది.

ఎలా చేయాలి? గాజు సీసాలో ఒక గ్లాసు మామూలు వంటింటి వెనిగర్ పోయండి. అందులో స్టీల్ ఊల్, అంటే సన్నటి ఉక్కు పీచు, చిన్న ఉండ వేయండి. రంగుల షాపులో పాలిష్ పనివాళ్లు కొనేది, అది. గిన్నెలు తోమే తళతళలాడే స్టీల్ పీచు వేయకండి. అది తుప్పు పట్టకుండా తయారు చేసినది, వారం రోజులు ఉంచినా కరగదు, మీరు నన్ను తిట్టుకుంటారు. ఏమీ దొరకకపోతే తుప్పు పట్టిన మేకులు నాలుగు వేయండి, కాస్త ఆలస్యం అవుతుంది అంతే. మూత మాత్రం బిగించకండి. లోపల హైడ్రోజన్ బుడగలు వస్తాయి. మూత బిగిస్తే సీసా పగలవచ్చు. వదులుగా పెట్టి, గాలి ఆడే చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచండి. దేవుడి గూట్లో కాదమ్మా, బాల్కనీలో. ఒకటి రెండు రోజుల తర్వాత పలచటి గుడ్డలో వడగట్టుకోండి.

కాఫీ పుల్లల్లో టానిన్ తక్కువ. నేరుగా ఈ నీళ్లు పూస్తే పెద్దగా ఏమీ కాదు. అందుకని ముందు చిక్కటి టీ డికాక్షన్, పాలు లేకుండా, రెండు వైపులా పూసి ఆరనివ్వాలి. రెండు వైపులా ఎందుకు అంటున్నాను? ఒక వైపే తడిపితే పలక వంకర తిరుగుతుంది. ఆరిన తర్వాత ఇనుప నీళ్లు పూయండి. పూసిన నిమిషం ఏమీ కాలేదనిపిస్తుంది. కంగారుపడి ఇంకో పూత వేయవద్దు. నెమ్మదిగా బూడిద రంగు వస్తుంది, గంట వరకు ముదురుతూనే ఉంటుంది. మరీ నల్లగా వస్తే సగానికి సగం నీళ్లు కలపండి. ద్రావణం పాతబడితే ఎర్రటి తుప్పు రంగు వస్తుంది, దాన్ని పారేయకండి, మేకుల చుట్టూ మరకలకు పనికొస్తుంది.

అన్ని పలకలకూ ఒకే పలుచన ద్రావణం వాడకండి. ఒక గిన్నెలో చిక్కగా, ఒక గిన్నెలో పలచగా పెట్టుకుని, ఏ పలకకు ఏది అన్నది కళ్లు మూసుకుని తీయండి. ఒక చెట్టు పలకలన్నీ ఒకేలా నెరవవు. పైగా రేవులో పలకలన్నీ ఒకే ఏడాది వేసినవి కావు కదా. తుఫాను వచ్చినప్పుడల్లా రెండు పోతాయి, రెండు కొత్తవి వేస్తారు. ఆ తీరం సంగతి తెలిసిందే, 1839 తుఫానుకు కోరింగ రేవే తుడిచిపెట్టుకుపోయింది. కాబట్టి మన రేవులో ఒక పలక కొత్తది ఉండవచ్చు, ఇంకా లేత పసుపుగా. ఒకటే. రెండు పెడితే మరమ్మతు పని జరుగుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. రంగు ముందు, ఫెవికాల్ తర్వాత. ఫెవికాల్ అంటిన చోట చెక్క నీళ్లు పీల్చదు. అతికించి, ఆ తర్వాత ఇనుప నీళ్లు పూస్తే ప్రతి అతుకు దగ్గరా తెల్లటి మచ్చ నిలబడిపోతుంది. దాన్ని కప్పడానికి రంగు, ఆ రంగును కప్పడానికి మళ్లీ రంగు. ఎందుకొచ్చిన టెన్షన్? ముందే అన్ని పలకలకూ రంగు తెప్పించుకుని, ఆరబెట్టి, పుస్తకాల కింద అణిచిపెట్టి, ఆ తర్వాత కట్టండి.

కట్టేటప్పుడు నిజం రేవు కట్టినట్టే కట్టండి. ముందు గుంజలు, వాటి మీద దూలాలు, దూలాల మీద పలకలు. దూలానికీ దూలానికీ నిజంలో రెండడుగుల దూరం ఉంటుంది, మనకు పదిహేడు మిల్లీమీటర్లు. పలకల మధ్య సందు నిజంలో ఒక సెంటీమీటరు, మనకు 0.3. విజిటింగ్ కార్డు మందం దాదాపు అంతే. కార్డు ముక్క మధ్యలో పెట్టి పలక అతికించి, కార్డు లాగేయండి. ఒకటి రెండు చోట్ల సందు పెరిగినా, పలక కాస్త పక్కకు జరిగినా బాగుంటుంది. అన్నీ జరగకూడదు.

మేకులు ఎక్కడ కొడతారు? నవ్వకండి, అడుగుతున్నాను. సూదితో పలక నిండా పొడిచేసిన బేసులు, అంటే బొమ్మ కింది పీఠాలు, ఎన్నో చూశాను. మేకు కింద దూలం ఉన్నచోటే ఉంటుంది. దూలం లేనిచోట మేకు దేన్ని పట్టుకుంటుంది? కాబట్టి ప్రతి పలక మీదా, ప్రతి దూలం మీదా రెండేసి మేకులు, ఆ చివర నుంచి ఈ చివరకు వరుసగా. చూసేవాడికి కింది దూలం కనిపించకపోయినా ఆ వరుస చూసి కింద దూలం ఉందని తెలుస్తుంది. ఇక మేకు తల నిజంలో ఎనిమిది మిల్లీమీటర్లు అనుకుంటే మనకు 0.23. అసలు కంటికి ఆనదు. ఆనేది ఏమిటంటే దాని చుట్టూ నల్లటి మరక. ఇనుముకూ చెక్కలోని టానిన్‌కూ పుట్టిన నలుపు, ఇందాకటి రసాయనమే. సన్నటి బ్రష్ కొనతో ఇనుప నీళ్లు ఒక్క చుక్క పెట్టండి, అది చారల వెంబడి దానంతట అదే కాస్త పాకుతుంది. నిజం మేకు ఎలా మరక పెడుతుందో మన చుక్క కూడా అలాగే పెడుతుంది. రంగుతో అది రాదు. ఎంత బాగా వేసేవాళ్లకైనా రాదు.

సందులు ఎక్కడైనా పూడ్చాల్సి వస్తే కొండపల్లి పద్ధతి గుర్తుపెట్టుకోండి. వాళ్లు చేతులు, కాళ్లు అతికించడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. మన పని చిన్నది కాబట్టి పొట్టులో కాస్త ఫెవికాల్ కలిపితే సరిపోతుంది, కానీ నేను చెప్పిన మచ్చ సంగతి మరిచిపోవద్దు. కనిపించని చోటే వాడండి.

పెయింటు ఊడిన పలక ఒకటి ఉంది చూశారా, నీలం రంగుది? అది పాత పడవ పలక. పడవ పోయింది, పలక రేవులోకి వచ్చింది. దానికి హెయిర్ స్ప్రే వాడాను. నెరిసిన చెక్క మీద మొదట మెరుపు లేని మ్యాట్ వార్నిష్, తర్వాత హెయిర్ స్ప్రే రెండు పూతలు, ఆరాక పైన నీలం అక్రిలిక్. అరగంట తర్వాత గోరువెచ్చటి నీళ్లతో తడిపి గట్టి బ్రష్‌తో గీకితే హెయిర్ స్ప్రే కరిగి పైన రంగు లేచిపోతుంది. పెయింటు ఎక్కడ ముందు ఊడుతుంది? నీళ్లు లోపలికి దూరే చోట. చివరల్లో, అంచుల్లో, మేకుల చుట్టూ, పగుళ్ల వెంబడి. ఊడేది కూడా చారల వెంబడి పొడవుగా ఊడుతుంది. గుండ్రటి మచ్చలు వచ్చాయంటే అది చెక్క మీద పెయింటు కాదు, ఇనుము మీద పెయింటు.

గుంజల విషయానికి వద్దాం. ఉప్పుటేరు కదా, పోటు వస్తుంది, పాటు వస్తుంది. రోజుకు రెండుసార్లు నీళ్లు ఎక్కి దిగుతాయి. గుంజ మీద అది పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. అడుగున ఒండ్రు పట్టిన ముదురు రంగు. దాని పైన పాచి, గుల్లలు. ఇంకా పైన నీళ్లు చిందే చోట నల్లటి చార. ఆ పైన ఎండకు నెరిసిన బూడిద రంగు. ఇక్కడ ఒక చిన్న కిటుకు. గుంజలు వంకరగా ఉండవచ్చు, వాలి ఉండవచ్చు. నీళ్లు మాత్రం వాలవు! అన్ని గుంజల మీదా పాచి గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒక చెక్క దిమ్మ మీద పెన్సిల్ పడుకోబెట్టి టేపు వేయండి, దాన్ని బల్ల మీద జరుపుతూ ప్రతి గుంజకూ తాకించండి. గీత సమంగా వస్తుంది. ఆ గీత నుంచి కిందికి పాచి. పాచికి ముదురు ఆకుపచ్చ ఆయిల్ కలర్‌లో కాస్త రా అంబర్ అనే మట్టి గోధుమరంగు కలపండి, ఒట్టి ఆకుపచ్చ ప్లాస్టిక్‌లా ఉంటుంది. గుల్లలకు జల్లెడ పట్టిన సన్నటి ఇసుక. బొంబాయి రవ్వ వాడతామని కొందరు అంటున్నారు. వాడండి, నాలుగు నెలల్లో పురుగులు కూడా వస్తాయి, అవి మాత్రం ఒకటికి ఒకటి కొలతలో ఉంటాయి.

తమ్ముడూ, ఆ బేసు ఒకసారి ఇటు ఇవ్వు. థాంక్స్.

చూడండి, పలకల మధ్య భాగం అంచుల కంటే కాస్త నున్నగా, కాస్త ముదురుగా ఉంది. ఏమైంది అక్కడ? మనుషులు నడిచారు. రోజూ వట్టి కాళ్లతో, తడి కాళ్లతో, చేపల జిడ్డుతో. నడిచిన దారిలో నెరుపు నిలవదు, అరిగిపోతుంది. అంచుల్లో ఎవరూ నడవరు, అక్కడ నెరుపు అలాగే ఉంటుంది. సన్నటి గరుకు కాగితంతో మధ్యలో రెండుసార్లు రుద్ది, రా అంబర్ ఆయిల్ కలర్ టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి పూశాను, అంతే. కింద అక్రిలిక్ ఉంటే ఆరిపోయిన తర్వాతే ఆయిల్ వాష్ వేయండి, అప్పుడు కిందిది కరగదు.

బొమ్మ దగ్గరకు వచ్చాం. ఆవిడ ఎత్తు 43 మిల్లీమీటర్లు, అంటే అయిదడుగుల మనిషి. చీర కుచ్చిళ్లు ఎం-సీల్‌తో చేశాను, అది ఇంకోసారి చెప్పుకుందాం. బొమ్మను ఊరికే అతికించకండి. పాదంలోకి ఒక మిల్లీమీటరు తీగ దించి, పలకలో రంధ్రం చేసి గుచ్చండి. ఫెవిక్విక్ వాడితే సూది మొనంత వాడండి, ఎక్కువైతే చుట్టూ తెల్లటి పొగలాంటి పొర పడుతుంది, అది బూడిద రంగు చెక్క మీద మరీ కనిపిస్తుంది. గంప కింద చూడండి, తడి మరక. గంపలోంచి నీళ్లు కారుతున్నాయి. కారిన నీళ్లు ఎటు పోతాయి? పలకల సందులోకి. అందుకే మరక సందు దగ్గర ఆగిపోయింది. దానికి ముదురు వాష్, పైన ఒకే ఒక్క పూత మెరిసే గ్లాసీ వార్నిష్. మిగతా చెక్కంతా మ్యాట్. మ్యాట్ స్ప్రే వానాకాలంలో, తేమ ఎక్కువ ఉన్న రోజు కొట్టకండి. ముఖ్యంగా విశాఖ, కాకినాడ నుంచి వచ్చినవాళ్లు. తెల్లగా పొగ పట్టేస్తుంది.

రేవంతా బూడిద రంగు కాబట్టి ఆవిడ చీర ఎర్రగా కనిపిస్తోంది. నిజానికి అది పెద్ద ఎరుపు కాదు, వెలిసిన ఎరుపు. అదే కింద గోధుమరంగు చెక్క ఉండుంటే చీర అందులో కలిసిపోయేది.

కింద దిమ్మ గురించి రెండు ముక్కలు. వడ్రంగి దగ్గర టేకు తుంట అడిగి తెచ్చుకుని, మూలలు తిన్నగా కోయించి, నల్లగా పాలిష్ చేయండి. దిమ్మ మీద ఏ కళా చూపించకండి. చూసేవాడి కన్ను పైకి పోవాలి.

పాత సీసపు బొమ్మలు దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీకు ఒక హెచ్చరిక. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆవిరి సీసాన్ని తినేస్తుంది. బొమ్మ మీద తెల్లటి పొడి లేస్తుంది, క్రమంగా బొమ్మే పొడి అయిపోతుంది. మ్యూజియంల వాళ్లకు ఇది పాత తలనొప్పి, ఓక్ చెక్క బీరువాల్లోంచి కూడా ఇదే ఆవిరి వస్తుంది. కాబట్టి ఈ పద్ధతిలో చేసిన బేసు మీద సీసపు బొమ్మ పెట్టి గాజు పెట్టెలో మూసేయకండి. ప్లాస్టిక్, రెసిన్ బొమ్మలకు ఇబ్బంది లేదు. వాటికైనా చెక్కను కొన్ని రోజులు ఆరుబయట పెట్టి, వెనిగర్ వాసన పూర్తిగా పోయాకే వార్నిష్ వేయండి.

ఇందాక ఒకరు చీటీ పంపారు. షాపులో దొరికే రెసిన్ బేసు, చెక్క పలకల్లా పోత పోసింది, దానికి ఇదంతా పని చేస్తుందా అని. చేయదు. రెసిన్ నీళ్లు పీల్చదు, దానిలో టానిన్ లేదు. దానికి రంగులే దారి. ప్రైమర్ మీద లేత ఇసుక రంగు వేసి, పలక పలకకూ కొంచెం తేడాతో బూడిద రంగు పలచగా వేయండి. పైన రా అంబర్ వాష్, చివర్లో లేత బూడిద రంగు డ్రై బ్రష్, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడం, చాలా తక్కువగా. వరస మారినా అడిగే ప్రశ్న మారదు. ఎండ ఎటు, వాన ఎటు, మేకు ఎక్కడ, కాలు ఎక్కడ.

28 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆటలాడే పిల్లలు అక్కడ కూర్చున్నారు. మీ కొలత సుమారు 1:56. అదే కాఫీ పుల్ల మీకు 31 సెంటీమీటర్ల పలక అవుతుంది. నిలువుగా రెండుగా చీల్చుకోండి. వేళ్లు జాగ్రత్త, బ్లేడు ఎప్పుడూ మీ వైపు లాగకూడదు.

సరే, మాటలు చాలు. ఆ టేబుల్ మీద పుల్లలు, డికాక్షన్, రెండు గిన్నెల్లో ఇనుప నీళ్లు ఉన్నాయి. కుడివైపుది చిక్కటిది. బట్టల మీద పడితే పోదు, కాబట్టి తెల్ల చొక్కాలవాళ్లు కాస్త వెనక నిలబడండి. ముందు అందరూ డికాక్షన్ పూసి పక్కన పెట్టండి, అది ఆరేలోపు మిగతా ప్రశ్నలు అడుగుదురు గాని.